పది నిమిషాలు బిడ్డను ఎవరైనా ఎత్తుకోండి

(విశాఖపట్నం ఆరిలోవలో గర్భిణులు, బాలింతలు, వాళ్ల ఇళ్లవాళ్ల కోసం జరిగిన సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. ఆమె ప్రభుత్వ ఆస్పత్రి ప్రసవ వార్డులో పనిచేసి రిటైరయ్యారు.)

అందరికీ నమస్కారం. బాలింతలు ఎవరైనా వెనక నిలబడి ఉంటే ముందుకు రండమ్మా. ఇక్కడ చాపలు పరిచాం. కూర్చోలేకపోతే పక్కకు ఒరిగి పడుకుని వినండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఈరోజు మాట్లాడే విషయమే అది కదా, కూర్చోలేకపోవడం.

నన్ను ఈ సమావేశానికి పిలవడానికి ఫోన్ చేసినవాళ్లు "మేడమ్, ప్రసవం తర్వాత ఆడవాళ్లకు వస్తుంది కదా, ఆ సమస్య మీద మాట్లాడాలి" అన్నారు. ఏ సమస్యమ్మా అంటే "అదే మేడమ్, ఆ సమస్యే" అన్నారు. (నవ్వులు) నవ్వండి, పర్వాలేదు. సమావేశం పెట్టేవాళ్లకే నోట మాట రాకపోతే, కొత్తగా తల్లయిన ఇరవై రెండేళ్ల పిల్ల, పక్క గదిలో మామగారు టీవీ చూస్తున్న ఇంట్లో, ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నట్టే ఉంటుంది దాని పరిస్థితి. అందుకే నేను పేరు పెట్టే మాట్లాడతాను. మొలలు. కొందరు మూలశంక అంటారు, మందుల షాపులో పైల్స్ అంటారు. ఇది చెడు తిరుగుళ్ల వల్ల వచ్చేది కాదు, శుభ్రం లేకపోవడం వల్ల వచ్చేది కాదు, అంటుకునేది అంతకంటే కాదు.

అరుదైనదీ కాదు. ఫ్రాన్స్‌లో బాలింతలను పరీక్ష చేసి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దాదాపు మూడో వంతు మందికి గడ్డకట్టిన మొలలో, మలద్వారం దగ్గర చీలికో కనిపించాయి. మన వార్డుల్లో అలా కూర్చుని లెక్క తీసే తీరిక మాకెప్పుడూ లేదు గానీ, ఉదయం రౌండ్ల వేళ మంచం మీద ఒక పక్కకే ఒరిగి కూర్చున్న అమ్మాయిని చూస్తే మాకు అర్థమైపోయేది. కుట్ల నొప్పి అంటుంది. సగం మందికి కుట్ల నొప్పి కాదు అది.

ఎందుకొస్తాయో త్వరగా చెప్పేస్తాను. మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తటి భాగాలు అందరికీ ఉంటాయి, మగవాళ్లకీ ఆడవాళ్లకీ. గ్యాస్, నీళ్లు తెలియకుండా బయటికి రాకుండా ఆపడంలో అవి సాయపడతాయి. అవి ఉబ్బి, పట్టు తప్పి కిందికి జారితే మొలలు. గర్భంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది రక్తనాళాలను వదులు చేస్తుంది, పేగు కదలికను నెమ్మది చేస్తుంది. పెరిగిన గర్భసంచి కింది రక్తనాళాల మీద బరువు మోపుతుంది. దానికి ఐరన్ మాత్రల మలబద్ధకం తోడు. చివర్లో కాన్పు బల్ల మీద మేమే "ముక్కమ్మా, ఇంకాస్త ముక్కు" అని అరుస్తాం. ఇన్ని జరిగాక రాకపోతే ఆశ్చర్యపోవాలి.

నొప్పి సంగతి మాత్రం కొంచెం నిదానంగా వినండి, ఎందుకంటే అన్ని మొలలూ నొప్పి పెట్టవు. లోపల పైభాగంలో వచ్చే మొలలకు నొప్పి తెలిసే నరాలు ఉండవు. ఎర్రటి రక్తం చుక్కలుగా పడుతుంది, నొప్పి ఉండదు. బయటి చర్మం మాత్రం నరాలతో నిండి ఉంటుంది. కాబట్టి ఒక బాలింత "ప్రాణం పోతోంది" అంటుంటే చాలావరకు ఈ మూడింట్లో ఒకటి. మొదటిది, బయటి మొలలో రక్తం గడ్డకట్టడం. ఒక్కసారిగా నీలం రంగులో గట్టి బుడిపె వస్తుంది, కూర్చున్నా నడిచినా దగ్గినా నొప్పే. రెండోది ఫిషర్, అంటే మలద్వారం అంచున చర్మం చిరగడం. "గాజుపెంకు గీసుకుంటూ పోయినట్టు ఉందమ్మా" అంటారు, ఆ మాటను మించి నేను చెప్పలేను. మోషన్ అయ్యేటప్పుడు మొదలై గంటల తరబడి మండుతుంది. మూడోది, లోపలి మొల బయటికి జారి ఇరుక్కుపోవడం. ఈ మూడింటికీ వైద్యం కొంచెం కొంచెం తేడా. అందుకే ఎవరో ఒకరు ఒక్కసారైనా చూడాలి. ఫోన్‌లో లక్షణాలు చెప్పి షాపులో ఆయింట్‌మెంట్ తెచ్చుకోవడం కాదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన మాట. ఇది బాలింతలకు కాదు, పక్కన కూర్చున్న అత్తగార్లకు, అమ్మలకు, ఆ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మొగుళ్లకు.

ఆ నొప్పి రోజురోజుకీ ఎలా ముదురుతుందో చూడండి. తెల్లారి లేస్తుంది. మోషన్ వచ్చేలా ఉంటుంది. అదే సమయానికి బిడ్డ ఏడుస్తాడు. పాలిస్తుంది. పాలిస్తుండగానే వచ్చింది కాస్తా లోపలికి పోతుంది. తర్వాత గుడ్డలు మార్చాలి, స్నానానికి నీళ్లు కాగాయంటారు, చుట్టాలు వస్తారు. మధ్యాహ్నం మళ్లీ అనిపిస్తుంది గానీ నిన్నటి నొప్పి గుర్తొచ్చి తనే ఆపుకుంటుంది. లోపల ఆగిన మలంలోంచి పెద్దపేగు నీళ్లు లాగేస్తూనే ఉంటుంది. రెండో రోజుకు గట్టిపడుతుంది, మూడో రోజుకు రాయి. అప్పుడు ముక్కుతుంది, చిరుగుతుంది, రక్తం వస్తుంది. భయం ఇంకా పెరుగుతుంది. నాలుగో రోజు ఇంకా ఆపుకుంటుంది. ఈ చక్రం తిరిగినంత కాలం ఏ డాక్టరు ఏ మందు రాసినా పూర్తిగా పనిచేయదు. దాన్ని ఆపాలంటే ఆ అమ్మాయికి రావాలనిపించినప్పుడు వెంటనే వెళ్లగలిగే వెసులుబాటు ఉండాలి. అంటే ఆ పది నిమిషాలు బిడ్డను ఇంకెవరో ఎత్తుకోవాలి. ఆ తర్వాత ఇంకో పావుగంట గోరువెచ్చని నీళ్లలో కూర్చునేంతసేపూ కూడా ఎత్తుకోవాలి. అంతే నేను అడిగేది.

"మేం ఎత్తుకోవట్లేదా?" అంటారు. ఎత్తుకుంటారు, కాదనను. కానీ ఎప్పుడు ఎత్తుకుంటారు? వాడు నిద్రపోతున్నప్పుడు, నవ్వుతున్నప్పుడు. ఏడుపు మొదలవగానే "ఇదిగో, పాలకు ఏడుస్తున్నాడు" అని బాత్‌రూమ్ తలుపు దగ్గరికి తెస్తారు. (నవ్వులు) తలుపు కొట్టకండమ్మా. లోపల ఉన్న మనిషి కంగారుగా ముక్కితే మీరు ఆ రోజు చేసిన సేవంతా పోతుంది. అప్పుడే పాలు తాగిన బిడ్డ పది నిమిషాలు ఏడిస్తే ఏమీ అయిపోడు. భుజాన వేసుకుని వీధిలోకి వెళ్లండి, కుక్కను చూపించండి, ఏదో ఒకటి చెయ్యండి.

మరి ఇంట్లో ఎవరూ లేనివాళ్లు? మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లలో మొగుడూ పెళ్లామూ ఇద్దరే ఉండేవాళ్లు ఎంతమంది! స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లలో భర్త సి షిఫ్ట్‌కి వెళ్తే రాత్రంతా ఒక్కతే. వాళ్లకు నేను చెప్పేది ఇది. పొద్దున్నే బిడ్డకు కడుపునిండా పాలిచ్చి త్రేన్పు తెప్పించండి. మీరు ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు తాగి ఏదైనా తినండి. తిన్న తర్వాత పేగు తనంతట తాను కదులుతుంది, అది శరీరం స్వభావం. అప్పుడు బిడ్డను నేల మీద గట్టి పరుపు వేసి వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు కొంచెం తీసి ఉంచి వెళ్లండి. మంచం మీద వద్దు. పడిపోతాడని చుట్టూ దిండ్లు పెట్టడం మనకు అలవాటు. ఆ దిండే ముఖం మీద పడితే ఊపిరి ఆడదు, అందుకని దిండ్లూ వద్దు. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ అయిదు నిమిషాల ఏడుపుకి మీరు చెడ్డ తల్లి అయిపోరు.

అయిదు నిమిషాలు అన్నాను, గమనించారా? అంతకంటే ఎక్కువసేపు కూర్చోవద్దు. రాకపోతే లేచి వచ్చేయండి, మళ్లీ వెళ్లొచ్చు. ఫోన్ బయట పెట్టి వెళ్లండి. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న స్టూలు వేసుకోండి, మోకాళ్లు నడుం కంటే ఎత్తుకు రావాలి. బలంగా ముక్కకుండా నోరు కొంచెం తెరిచి నెమ్మదిగా ఊపిరి వదలండి. కడుక్కోవడానికి నీళ్లు చాలు. సబ్బు, డెటాల్ ఏవీ వద్దు, అద్ది తుడవండి, రుద్దవద్దు.

తర్వాత టబ్. బిడ్డ స్నానానికి కొన్న ప్లాస్టిక్ టబ్ లాంటిది వేరేగా ఇంకొకటి కొనండి. కమోడ్ మీద అమరే టబ్బులు మందుల షాపుల్లో దొరుకుతాయి, సిజేరియన్ అయిన వాళ్లు కిందకు వంగి కూర్చోనక్కర్లేదు. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. బిడ్డ నీళ్లు మోచేత్తో ముట్టుకుని చూస్తారే, అలాగే చూడండి. బాలింతకు కాగే నీళ్లు పోయాలనే పట్టుదల ఇక్కడ చూపించకండి, చర్మం కమిలిపోతుంది. పది పదిహేను నిమిషాలు, మోషన్ అయిన వెంటనే ఒకసారి, రోజు మొత్తంలో రెండు మూడు సార్లు. ఉప్పు, పటిక, ఎర్ర మందు వెయ్యాలా అని అడుగుతారు. వట్టి నీళ్లే చాలమ్మా. పనిచేసేది వెచ్చదనం, అది బిగుసుకుపోయిన కండరాన్ని వదులు చేస్తుంది. బుడిపె బాగా వాచి ఉంటే మొదటి రోజుల్లో ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. బాలింతకు ఐసు ఏంటని గొడవ చేస్తారని తెలుసు. పెట్టేది ఎక్కడో చూడండి, నెత్తిన కాదు కదా.

ఇక తిండి. ఇక్కడ నాకు కొంచెం ఓపిక తక్కువ, ముందే చెప్తున్నాను.

మన వైపు బాలింత పథ్యం మీకు నాకంటే బాగా తెలుసు. వేడన్నం, వెల్లుల్లి కారప్పొడి, నెయ్యి, కాయం ముద్ద. మాంసాహారులైతే ఎండు నెత్తళ్లు, పాలు పడాలని పాలసొర చేప పుట్టు. ఆకుకూర వద్దు, పండు వద్దు, పెరుగు వద్దు, నీళ్లు నోరు తడపడానికే. ఇందులో చెడ్డ వస్తువు ఏదీ లేదు. సొర పుట్టు మంచి మాంసకృత్తులు, మానమని నేను అనను. కానీ ఈ కంచంలో పీచు ఎక్కడుంది? నీళ్లు ఎక్కడున్నాయి? తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే. ఆ నీళ్లు తల్లి ఒంట్లోంచే పోవాలి. విశాఖ ఉక్కపోతలో చెమటగా పోయేవి వేరే. మీరు తాగనివ్వకపోతే శరీరం పేగులో ఉన్న నీటిని లాగేసుకుంటుంది, మలం ఎండిపోతుంది. దాని మీద కారప్పొడి. ఫిషర్ ఉన్న పిల్లకు ఆ కారం మర్నాడు పొద్దున్న ఏం చేస్తుందో... గోరుచుట్టు మీద రోకటిపోటు.

నీళ్లు తాగితే పొట్ట దిగదు, బిడ్డకు జలుబు చేస్తుంది అంటారు. ప్రసవం తర్వాత పొట్ట ఎత్తుగా ఉండేది గర్భసంచి ఇంకా కుంచించుకోలేదు కనుక, కండరాలు సాగాయి కనుక. నీళ్ల వల్ల కాదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, చూడటానికి వచ్చి ముద్దులు పెట్టే చుట్టాల వల్ల వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వండి, వాము వేసి కాచినవి ఇస్తామంటే ఇంకా సంతోషం. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు అని పెట్టుకుంటే లెక్క రాసుకోనక్కర్లేదు.

పథ్యంతో పోట్లాడకుండా పీచు ఎలా తేవాలో చెప్తాను, ఎందుకంటే అత్తగారితో గొడవపడి తిన్న తిండి ఒంటబట్టదు. బీరకాయ చాలా ఇళ్లలో బాలింతకు పెడతారు. అది ఎక్కువ పెట్టండి. ఆనపకాయ పెసరపప్పు. పొద్దున్నే పలచగా చోడి అంబలి, అంటే రాగి జావ. ములగాకు వేయించి కారప్పొడిలో కలపండి, ఆకుకూర అని ఎవరూ గుర్తుపట్టరు. (నవ్వులు) తర్వాత నెమ్మదిగా తోటకూర, జామపండు, అరటిపండు, ముగ్గిన బొప్పాయి. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి, అది వట్టి అన్నంతో రాదు. కంద కూర మొలలకు మంచిదని పెద్దవాళ్లు చెప్తారు, బాగా ఉడికించి పెట్టండి, కూరే కదా.

ఒక తమాషా చెప్పనా? మొలలు ఒంట్లో వేడి వల్ల వస్తాయని మనవాళ్ల నమ్మకం. వేడికి మజ్జిగ తాగాలి. కానీ బాలింత మజ్జిగ తాగకూడదు. ఈ రెండు నమ్మకాలూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉంటాయి. మధ్యలో ఆ పిల్ల దాహంతో ఉంటుంది.

నడికట్టు గురించి ఒక మాట. వదులుగా కట్టుకుంటే నడుముకు ఆసరా. ఊపిరి ఆడనంత బిగించి కడితే కడుపులో ఒత్తిడి కిందికి దిగుతుంది, మొలల మీదే పడుతుంది. ఈ ఆరిలోవ చుట్టుపక్కల కొండవాలు ఇళ్లున్నవాళ్లు ఇంకో సంగతి వినండి. కింద నుంచి మెట్లెక్కి నీళ్ల బిందెలు మోయడం ఈ రెండు నెలలూ ఆమె చేయకూడదు. బిడ్డ బరువు మొయ్యొచ్చు, బిందె బరువు వద్దు.

పాలిచ్చేటప్పుడు బాసింపట్టు వేసి నేల మీద గంటలు గంటలు కూర్చోబెట్టకండి. పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం నేర్చుకోండి. ఇలా చూడండి, నేను ఈ చాప మీద చూపిస్తాను. ఎడమ పక్కకు తిరిగాను. తల కింద ఒక దిండు, రెండు మోకాళ్ల మధ్య ఒక దిండు. బిడ్డ పొట్ట నా పొట్టకు ఆనాలి, వాడి ముక్కు చనుమొన ఎదురుగా ఉండాలి. తల వెనక చెయ్యి పెట్టి నొక్కకండి, వీపు మీద పెట్టండి. పట్టుకున్నాడు. ఇప్పుడు నా కింది భాగం మీద ఏ బరువూ లేదు. తాగాక వాడిని తన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, మీకు నిద్ర ముంచుకొస్తుంటే ముందే ఎవరినైనా పిలిచి చెప్పండి. "పడుకుని పాలిస్తే చెవిలోకి పోతాయి" అనేవాళ్లు ఉంటారు. బిడ్డ తల కొంచెం ఎత్తుగా మీ ముంజేతి మీద ఉంచుకోండి, వాళ్ల మనసూ కుదుటపడుతుంది. బిడ్డకు నలుగు పెట్టి కాళ్ల మీద వేసుకుని స్నానం చేయించడం మాత్రం పూర్తిగా పెద్దవాళ్ల పని. ఆ పీట మీద ఈమె కూర్చోకూడదు.

మందుల్లోకి వస్తాను. "పాలిస్తున్నాను కదా, ఏ మందూ వేసుకోకూడదు" అని పళ్ల బిగువున భరించే అమ్మాయిలు ఎక్కువ. అంత అవసరం లేదు. పారాసిటమాల్ వేసుకోవచ్చు, 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకొకటి. ఇబుప్రోఫెన్ 400 కూడా భోజనం తర్వాత వేసుకోవచ్చు, పాలలోకి చాలా తక్కువ వెళ్తుంది. అయితే కడుపులో పుండు, ఆస్తమా, కిడ్నీ జబ్బు, గర్భంలో బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఇబుప్రోఫెన్ ముట్టుకోవద్దు. కోడీన్, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు మాత్రం వద్దు. అవి పాలలోంచి బిడ్డకు చేరి మత్తు, ఊపిరి ఇబ్బంది తెస్తాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో పాలిచ్చే తల్లులను హెచ్చరించింది. పైగా అవి మలబద్ధకాన్ని పెంచుతాయి. ఇంట్లో ఎవరికో రాసిన నొప్పి మాత్ర ఈమెకు ఇచ్చే ముందు అట్ట వెనక పేరు చదవండి.

మోషన్ మెత్తబడటానికి ఇసబ్‌గోల్, లాక్టులోజ్ సిరప్ రెండూ పాలిచ్చే తల్లికి ఇవ్వొచ్చు. అవి పేగులోనే పనిచేస్తాయి, పాలలోకి వెళ్లేది ఏమీ లేనట్టే. లాక్టులోజ్‌కి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఒక పూట తాగి పనిచేయలేదని పారేయకండి. ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లతో తాగాలి, నీళ్లు లేకుండా అది లోపల ఇంకా గట్టి ముద్దవుతుంది. తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ జెల్లీ మోషన్‌కు ముందు రాసుకుంటే భయం తగ్గుతుంది. ఫిషర్‌కి కండరం వదులయ్యే ఆయింట్‌మెంట్లు వేరే ఉంటాయి, అవి డాక్టరు చూసి రాయాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీము వారం మించి వాడొద్దు. ఏది రాసుకున్నా చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను తాకండి. తలనొప్పి బాములు, కర్పూరం, పసుపు నూనె అక్కడ పూసుకోవద్దు, అంతకంటే వివరంగా చెప్పను.

ఐరన్ మాత్ర మానేయొద్దు. ప్రసవం తర్వాత 180 రోజులు వేసుకోమని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది, రక్తం పోయిన ఒళ్లు కనుక. దాని వల్ల మోషన్ నల్లగా అవుతుంది, కంగారు పడకండి. మరీ బిగిస్తుంటే ఏఎన్ఎంకి చెప్పండి, వేళ మారుస్తారు, మందు మారుస్తారు. మీ అంతట మీరు డబ్బా అటక మీద పెట్టేయకండి.

నీలం బుడిపె వచ్చినవాళ్లు ఆలస్యం చేయకండి. మొదటి మూడు రోజుల్లో వస్తే, నొప్పి భరించలేనంత ఉంటే, సర్జన్ అక్కడికే మత్తు ఇంజక్షన్ ఇచ్చి ఆ గడ్డను తీసేయగలరు. ఆ మూడు రోజులు దాటాక నొప్పి తనంతట తానే తగ్గుముఖం పడుతుంది, గడ్డ కొన్ని వారాల్లో కరుగుతుంది, అప్పుడు కోయడం వల్ల పెద్ద లాభం ఉండదు. దాన్ని వేలితో లోపలికి నెట్టడం, సూదితో గుచ్చడం చేయవద్దు. మన దగ్గర కె.జి.హెచ్.లో, అంటే కింగ్ జార్జ్ ఆస్పత్రిలో, సర్జరీ ఓపీ ఉంది. పాత ఊళ్లో ఘోషా ఆస్పత్రిలో కాన్పు అయినవాళ్లు అక్కడి డాక్టరుకే ముందు చూపించుకోవచ్చు. గోడల మీద "ఆపరేషన్ లేకుండా మొలలకు గ్యారంటీ వైద్యం" అని రాసి ఉంటుంది చూడండి, అటు మాత్రం వెళ్లకండి. అర్హత లేనివాళ్లు అక్కడ ఏదో మందు పూసి, ఇంజక్షన్ పొడిచి, చర్మం కుళ్లి దారి మూసుకుపోయి వచ్చినవాళ్లకు తర్వాత ఏం చేయాలో పెద్ద సర్జన్లకే తోచదు.

వెంటనే వెళ్లాల్సినవి: జ్వరంతో పాటు అక్కడ వాపు, చీము. మూత్రం రాకపోవడం. రక్తం ఆగకుండా కారడం. ప్యాడ్ గంటలోనే తడిసిపోతుంటే అది మొలల రక్తం అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, గర్భసంచి నుంచి కావచ్చు, 108కి ఫోన్ చేయండి. గ్యాస్, మోషన్ తెలియకుండా పోతుంటే అది కాన్పులో కండరం చిరగడం వల్ల కావచ్చు. అది సిగ్గుపడి దాచుకునేది కాదు, వైద్యం ఉన్నది.

ఆశా కార్యకర్త ప్రసవమయ్యాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో మీ ఇంటికి రావాలి. బిడ్డ బరువు చూస్తుంది, బొడ్డు చూస్తుంది. అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. ఆమె వెళ్లే ముందు పక్క గదిలోకి పిలిచి మీ సంగతి చెప్పండి. ఆరు వారాల టీకాకు వెళ్లినప్పుడు కూడా అంతే.

మనసు గురించి ఎక్కువ చెప్పే సమయం లేదు, కానీ వదిలేయలేను. రాత్రంతా నిద్ర లేదు, కూర్చుంటే మంట, బిడ్డ ఏడిస్తే కోపం. ఆ కోపం చూసి తనకే భయం. "బిడ్డ మీద విసుక్కుంటున్నాను, నేనేం తల్లిని" అని ఏడుస్తారు. నొప్పి తగ్గితే చాలామందిలో ఇదీ తగ్గుతుంది. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డను ముట్టుకోవాలనిపించకపోతే, చచ్చిపోవాలనే ఆలోచన వస్తే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇది మొగుళ్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఇప్పుడే చేసుకోండి, నేను ఆగుతాను.

సరే. ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దావిడ: మేం కనలేదేటమ్మా పిల్లల్ని? మాకు ఇవన్నీ తెల్దు.)

కన్నారమ్మా, మీరు ఆరుగురినో ఏడుగురినో కని ఉంటారు. మీకూ వచ్చే ఉంటాయి. మీకు ఎవరూ చెప్పుకునే వీలు ఇవ్వలేదు. ఒక్క సంగతి మాత్రం మీ రోజుల్లో బాగుండేది. పురిటింట్లో నలుగురు ఆడవాళ్లు ఉండేవారు, బిడ్డ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూ ఉండేవాడు. ఇప్పుడు ఆ నలుగురి పని మీ ఒక్కరి మీద పడింది. మీకూ మోకాళ్ల నొప్పులు, నాకు తెలుసు. అందుకే మీ అబ్బాయికి కూడా పని చెప్పండి.

(ఒక యువకుడు: గుండ్రంగా మధ్యలో ఖాళీ ఉండే దిండు కొన్నాను మేడమ్. మంచిదేనా?)

కొన్నందుకు సంతోషం బాబూ. కాసేపటికి పర్వాలేదు. దాని మీద గంటలు కూర్చుంటే ఆ ఖాళీలోకి వాపు దిగి ఎక్కువవుతుందని చాలామంది డాక్టర్లు వద్దంటారు. మెత్తటి మామూలు దిండు మేలు, పడుకోవడం ఇంకా మేలు. చెకప్‌కి తీసుకెళ్లేటప్పుడు ఆటోలో గతుకుల మీద కుదేయకుండా వీలైతే కారు మాట్లాడండి, వెనక సీట్లో పక్కకు ఒరిగి కూర్చుంటుంది. ఆ రోజు బిడ్డ మీ ఒళ్లో ఉండాలి, ఆమె ఒళ్లో కాదు.

(ఇంకొక అమ్మాయి: మళ్లీ కాన్పు ముందు ఆపరేషన్ చేయించుకోవాలా మేడమ్?)

చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే కుంచించుకుపోతాయి, ఆపరేషన్ దాకా రాదు. తగ్గకుండా ప్రతిసారీ రక్తం పడుతుంటే, బయటికి జారి చేత్తో తోసుకోవాల్సి వస్తుంటే అప్పుడు సర్జన్‌ని కలవండి. చిన్నవైతే మొదట్లో రబ్బరు బ్యాండు వేసి ఎండిపోయేలా చేస్తారు, అదే రోజు ఇంటికి పంపేస్తారు. రెండో కాన్పు అనుకుంటే మొదటి నెల నుంచే నీళ్లు, పీచు మొదలుపెట్టండి, ఐరన్‌తో పాటు ఇసబ్‌గోల్ కావాలా అని మొదటి చెకప్‌లోనే అడగండి. రెండింటికీ మధ్య రెండు గంటలు తేడా ఉంచుకోవాలి. టబ్బులు, కాళ్ల స్టూలు ఆ బల్ల మీద పెట్టాం, చూసి వెళ్లండి. ఎవరికైనా విడిగా అడగాలనుంటే నేను ఇంకో గంట ఆ లోపలి గదిలోనే ఉంటాను, తలుపు వేసుకుని మాట్లాడుకుందాం.